చివరి ఓడలో వచ్చిన పెట్టె

పెద్దాయన చొక్కాలకి వీపు ఉండదు. ముందు నుంచి చూస్తే కాలరు, బొత్తాలు, జేబు అన్నీ సవ్యంగానే ఉంటాయి. వెనక్కి వెళ్ళి చూస్తే రెండు నాడాలు మాత్రమే. మెడ మీదా కుడిభుజం మీదా పెట్టె ఉన్న మనిషికి మామూలు చొక్కా ఎటు నుంచీ ఎక్కదు. ఎదురుగా నిలబడి ఒక్కో చెయ్యీ దూర్చి, నాడాలు పెట్టె కిందుగా లాగి ముడెయ్యాలి. రోజూ డ్యూటీకి వెళ్ళేముందు కూతురు చేసే పనుల్లో ఇది మొదటిది.

"ఎడం చెయ్యి ఇలా ఇవ్వు నాన్నా."

"ఇస్తే పెట్టె నువ్వు పట్టుకుంటావా?"

"కుడిచేత్తో పట్టుకో. నిన్నా ఇదే మాటన్నావు."

"నిన్నా ఇదే పెట్టె," అన్నాడు పెద్దాయన.

పొయ్యి దగ్గర్నుంచి అత్త గొంతు కలిపింది. అత్త అంటే పెద్దాయన చెల్లెలు. మొగుడు పోయాక అన్న ఇంటికొచ్చింది, ఆ చొక్కాలు కుట్టేది ఆవిడే. "బరువు మెడ మీద పడింది గానీ నాలుక మీద పడలేదు. అదీ మన ఖర్మ."

పెట్టె మరీ పెద్దదేమీ కాదు. ఇనపబద్దీలు కొట్టిన చెక్కపెట్టె, పాత సరుకుకి ఉండే తారు వాసన, చెమటకి చెరిగిపోయిన రాతలు. ఆయన కూర్చునే చోట గోడకి ఒక పలక బిగించి పెట్టెని దానికి ఆనిస్తారు. పెట్టె ఆనుతుంది, బరువు ఆనదు. అది ఆయన మెడ మీదే ఉంటుంది. నిద్రా కూర్చునే. వీధిలో ఆయన్ని పెట్టె తాత అంటారు. బస్సెక్కితే కండక్టరు "తాతా, పెట్టె లోపలికి జరుపుకో, డోరు పడదు" అంటాడు. మంగలి పెట్టె పక్కనుంచి కత్తెర పోనిచ్చి జుట్టు కత్తిరిస్తాడు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి రోజు తప్పుకుని దారిస్తారు, రెండో రోజు నుంచి బాగున్నారా అని పలకరిస్తారు.

అది ఎందుకు దిగలేదో తెలియాలంటే రేవు పద్ధతి తెలియాలి.

ఓడలోంచి దించిన సరుకుని గోదాము గడప దాకా కళాసీ మోస్తాడు. గడప లోపల కంపెనీ గుమాస్తా ఉంటాడు. అతను సరుకు చూసి "కంపెనీ తరఫున అందింది" అనాలి. ఆ మాట పడగానే పెట్టె వీపు మీంచి జారుతుంది, కళాసీ నడుం లేస్తుంది. ఆ మాట పడకపోతే ఎంత విదిలించినా దిగదు. కంపెనీ పేరు మీద అంటాడు కాబట్టి బరువు గుమాస్తా మీదికి రాదు. ఎవరి పేరూ చెప్పకుండా ఒట్టినే "అందింది" అన్నవాడి మీదికి మాత్రం వచ్చి కూర్చుంటుంది. ఒకసారి రేవు చూడ్డానికొచ్చిన బడిపంతులు ఎవరో సరదాకి ఆ మాటన్నాడు. ఉప్పు బస్తా వచ్చి ఆయన వీపున పడింది. కళాసీ చేతులు దులుపుకుని బీడీ ముట్టించుకున్నాడు. పంతులు గోదాము దాకా మోసుకెళ్ళి, గుమాస్తా చేత అనిపించుకుని దించుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఇంటికి ఏమొచ్చినా "వచ్చింది" అనేవాడట గానీ, ఆ మాట మాత్రం నోట పలికేవాడు కాదట.

ఊరంతా అలా మోసి తెచ్చిందే. కోర్టు స్తంభాలు, మంచినీళ్ళ గొట్టాలు, బ్యాంకు ఇనపగది తలుపు, ఆసుపత్రి మంచాలు అన్నీ ఓడ దిగి ఎవరో ఒకరి మెడ మీదుగా లోపలికొచ్చాయి. అసలు ఊరు పుట్టిందే రేవు వెనకాల. ముందు గోదాములు, గోదాముల వెనక కళాసీల గుడిసెలు, ఆ వెనక వాళ్ళకి తిండి అమ్మేవాళ్ళు, తర్వాత అప్పులిచ్చేవాళ్ళు, తగాదాలు తీర్చే ప్లీడర్లు, ప్లీడర్ల పిల్లలకి బళ్ళు. పాత వీధుల వెడల్పు ఒక లెక్క ప్రకారం ఉంటుంది. బరువుతో వచ్చే మనిషీ, అతనికి ఒదిగి దారిచ్చే మనిషీ పట్టేంత. మలుపుల్లో ఇళ్ళకి మూలలుండవు. పెట్టెలు కొట్టుకోకుండా గుండ్రంగా చెక్కేశారు. గోడల్లో భుజం ఎత్తున రాతి అరుగులుంటాయి, భుజం మార్చుకోవడానికి. గడియారస్తంభానికి ఒకటే ముఖం, అది రేవు వైపు. ఈ ఊరివాడు బ్యాంకు ఆఫీసరైనా సరే, జనంలో నడవాల్సొస్తే "దారి, దారి" అని కేకేస్తాడు, చేతిలో గొడుగు తప్ప ఏం లేకపోయినా. పై ఊళ్ళవాళ్ళు నవ్వుతారు. వీళ్ళకి ఎందుకు నవ్వుతున్నారో తెలియదు.

తర్వాత ఓడలు పెద్దవయ్యాయి. పాత రేవు లోతు చాల్లేదు. కంపెనీ ఊరికి దూరంగా కొత్త పోర్టు కట్టింది. అక్కడ క్రేన్లున్నాయి, మెడలతో పని లేదు. పాత రేవుకి చివరి ఓడ వచ్చిన రోజు పెద్దాయన పనిచేసే కళాసీల ముఠాయే సరుకు దించింది. అన్నీ ఒకే రకం చెక్కపెట్టెలు. గడప దాటిన పెట్టెల మూతలు కాపలావాళ్ళు అక్కడికక్కడే ఊడబెరికారు. లోపల గొలుసులు, తాళాలు. ఇంకా సరుకు ఓడలో ఉండగానే అవి గేట్లకి పడుతున్నాయి. గుమాస్తాని పని చాలించి వెళ్ళిపొమ్మన్నారు. ఆఖరి పెట్టెతో పెద్దాయన ఓడకి వేసిన బల్ల దిగి వచ్చేసరికి గడప దగ్గర గుమాస్తా లేడు, గొలుసు ఉంది. తమ గేటు మూయడానికి తాళాలు తమ చేతే మోయించారు. ఆ సంగతి అర్థమయ్యాక ముఠాలో ఒకడు నవ్వాడు, ఇంకొకడు రాయి విసిరాడు. పెద్దాయన పెట్టెతోనే ఇంటికి నడిచొచ్చాడు. కూతురు అప్పుడు బళ్ళో చదువుతోంది. నాన్న గుమ్మంలో పక్కకి తిరిగి లోపలికి రావడం, అమ్మ "అన్నం పెట్టనా" అని మాత్రం అడగడం ఆమెకి గుర్తు. అమ్మ పోయేదాకా ఆ పెట్టె గురించి ఇంకో మాట అడగలేదు.

కంపెనీకి ఎన్ని అర్జీలు పెట్టారో లెక్క లేదు. ప్రతిదానికీ ఒకటే జవాబు: చివరి ఓడ సరుకు యావత్తూ అందినట్టు నమోదై ఉంది, సదరు పెట్టె రికార్డులో లేదు.

కూతురు పెద్దదై అదే కంపెనీలో చేరింది. ఆ ఊళ్ళో చదువుకున్నవాళ్ళని తీసుకునే కంపెనీ ఇంకోటి లేదు. కొత్త పోర్టు గేటు పైన అద్దాలగదిలో కూర్చుని, కింద ఆగిన లారీ మీది సరుకు సరిచూసి, మైకులో "కంపెనీ తరఫున అందింది" అనడం ఆమె ఉద్యోగం. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే మాట. ఒకరోజు కంపెనీ నుంచి మళ్ళీ అదే జవాబొస్తే, యూనిఫాం విప్పకుండానే తండ్రి ఎదురుగా నిలబడి ఆ మాట అరిచింది. పెట్టె వెంట్రుకవాసి కదల్లేదు.

"డ్యూటీ దిగాక కంపెనీ పేరు నీది కాదమ్మా," అన్నాడు పెద్దాయన. "ఇది మన ఇంటి గడప. రేవు గడప మీద అనాలి."

రేవుకేమో తాళాలు. కొత్త పోర్టు గేటు దగ్గర పనివాళ్ళని తప్ప మనుషుల్ని నిలబడనివ్వరు. అలా ఏళ్ళు గడిచాయి. ఆమె కోపం ఇంటిపనిలా అలవాటైపోయింది. లేస్తూనే ఉండేది, పడుకునేటప్పుడూ ఉండేది.

ఈ మధ్య డాక్టరు పెద్దాయన మెడ ఫొటో తీయించి, దీపానికి ఎదురుగా పెట్టి చాలాసేపు చూశాడు. ఎముక అరిగిపోయిందన్నాడు. ఇలాగే ఉంటే ఆయన చలికాలం దాటరన్నాడు.

"బరువు దిగితే?" అంది కూతురు.

"దిగితే ఇంకా చాలాకాలం బతుకుతారు. గుండె గట్టిది."

పెద్దాయన ఇంటికొచ్చాక గోడపలకకి పెట్టె ఆనించి, "ఒక్కసారి వెల్లకిలా పడుకుని పైకప్పు చూడాలని ఉంది," అన్నాడు. "అది చూశాక పోయినా ఫర్వాలేదు."

సరిగ్గా ఆ రోజుల్లోనే పాత రేవు తాళాలు తీశారు. సరుకు కోసం కాదు. గోదాముల్ని ఖరీదైన ఇళ్ళుగా మార్చారు. వాటికి 'ముఠా నివాస్' అని పేరు పెట్టారు. కళాసీలు మూటలకి తగిలించే ఇనపకొక్కేలకి హోటల్లో దీపాలు వేలాడదీశారు. రాతి అరుగుల మీద పూలకుండీలు పెట్టి, పక్కన 'ఇక్కడ కూర్చోరాదు' అని బోర్డులు రాశారు. ఊరంతా పెద్ద పెద్ద బొమ్మలు వెలిశాయి. మూట ఎత్తిన మనిషి నీడ, కింద 'భుజాల మీద పుట్టిన నగరం'. ఆ నీడకి మొహం లేదు.

ఒక ఆదివారం కంపెనీ లా ఆఫీసరు ఇంటికొచ్చాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట. కుర్చీలో సర్దుకుని, ముందు పెట్టెకేసి చూశాడు, తర్వాత పెద్దాయనకేసి.

"మా ప్రారంభోత్సవానికి మీరు తప్పకుండా రావాలండీ. పడవ దగ్గర్నుంచి గోదాము గడప దాకా ఆ పెట్టెతో నడవాలి. అంతకన్నా శ్రమ ఉండదు."

"ఏ పెట్టెతో?" అంది కూతురు.

"అదేనమ్మా, అదే."

"అది లేదని మీ సంతకంతోనే జవాబొచ్చింది సార్, పోయినేడు."

"రికార్డులో లేదు. ప్రోగ్రాంలో ఉంది," అన్నాడు తొణక్కుండా.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "గడప దాకా వస్తే దించుకుంటారా?"

"దాని గురించే వచ్చాను." లా ఆఫీసరు సంచిలోంచి ఒక కాగితం తీసి కూతురి చేతికిచ్చాడు. "ఆ రోజు నీ డ్యూటీ పాత రేవులో వేయించాం. యూనిఫాంలో గడప లోపల నిలబడతావు. నాన్నగారు రాగానే మైకులో ఈ మాట అంటావు. సొంత కూతురు అంటే చూసేవాళ్ళకి గుండె కదులుతుంది. నాటకాలవాళ్ళని పెడితే ఆ సహజత్వం రాదని ఛైర్మన్ గారే అన్నారు."

కాగితం మీద 'నాన్నా, అందింది' అని ఉంది.

ఆమె రెండుసార్లు చదివింది. "ఇందులో రెండు మాటలు తగ్గాయి సార్."

"కావాలనే తీసేశాం. కంపెనీ పేరొస్తే కంపెనీకి బాధ్యతొస్తుంది. లేని పెట్టెకి బాధ్యత ఎలా తీసుకుంటాం, నువ్వే చెప్పు."

"ఇలా అంటే అది నా మీదికొస్తుంది."

"వయసులో ఉన్నదానివి. నాన్నగారి పరిస్థితి కూడా నాకు చెప్పారు. కన్నతండ్రి కన్నా ఎక్కువా?" అన్నాడతను. ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే నచ్చజెబుతున్నాడు. "పైగా మీ ఇంటి బరువు మీ ఇంట్లోనే ఉంటుంది."

అత్త మంచినీళ్ళ గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టింది. "మీకు ఆడపిల్లలాండీ?"

"ఇద్దరండీ."

"మెడలు బావున్నాయా?"

అతను నీళ్ళు తాగలేదు. లేచి గుమ్మం దాకా వెళ్ళి, ఉద్యోగి డ్యూటీకి రాకపోతే దాన్ని ఎలా చూస్తారో ఆమెకి తెలిసే ఉంటుందని, ఆ మాట తను చెప్పాల్సి రావడం తనకే బాధగా ఉందని చెప్పి వెళ్ళాడు.

తలుపేశాక ముందు పెద్దాయనే అన్నాడు. "నేను రాను."

"వస్తావు నాన్నా."

"నీ మెడ మీద పెట్టి నేను పడుకుంటానా? కూర్చునే పోతాను. నాకేం కొత్త కాదు కూర్చోడం."

"నా మీదికి రాదు."

"ఏం, నీకు మెడ లేదా?"

"రాదంటున్నానా. మాటిస్తున్నాను."

ఆయన తల ఎత్తలేడు. కళ్ళు మాత్రం పైకి తిప్పి కూతురి మొహం చూశాడు. ఇన్నేళ్ళుగా మనుషుల్ని కింది నుంచే చూసి చూసి, గడ్డం బిగింపుని బట్టి మనిషిని చదవడం ఆయనకి వచ్చేసింది.

"ఏం చేస్తావు మరి?"

"డ్యూటీ చేస్తాను," అందామె.

ప్రారంభోత్సవం రోజు ఎండ బాగా కాసింది. రేవు గోడకి కొత్త సున్నం, నీళ్ళలో అద్దెకి తెచ్చిన తెరచాప పడవ, ఎర్ర తివాచీ. తివాచీ కింద ఏ రాళ్ళున్నాయో కూతురికి తెలుసు. కళాసీల పాదాలకి అరిగి గిన్నెల్లా లోతుపడిన రాళ్ళు. అతిథులు తూలి పడతారని వాటిని సిమెంటుతో పూడ్చి చదును చేశారు. పాత ముఠాల కుటుంబాలకి తాడు అవతల నిలబడే చోటిచ్చారు. అతిథులు గొడుగుల కింద కూర్చున్నారు.

ఆమె గోదాము గడప లోపల నిలబడింది. ఇస్త్రీ యూనిఫాం, జేబు మీద కంపెనీ ముద్ర, చేతిలో మైకు. వెనక లా ఆఫీసరు. పక్కన ఛైర్మన్, తెల్లటి దుస్తుల్లో, ఎత్తైన మనిషి, బాగా నిటారుగా నిలబడే మనిషి. ఆయన ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఈ నగరం కొందరి భుజాల మీద పుట్టిందన్నాడు. ఆ భుజాలకి కంపెనీ సదా కృతజ్ఞతతో ఉంటుందన్నాడు. ఆ రోజుల్లో మనుషులు నవ్వుతూ మోసేవారన్నాడు.

నవ్వుతూ అన్న మాట దగ్గర ఆమెకి తండ్రి మెడ మీద పుళ్ళకి తను రోజూ పూసే మందు వాసన గుర్తొచ్చింది. అమ్మ ఆఖరి రోజుల్లో, పక్కన కూర్చున్న మొగుడు వంగి తన మొహం చూడలేకపోతున్నాడని, చేతిలో అద్దం పెట్టుకుని అందులోంచి ఆయన్ని చూసేది. అది గుర్తొచ్చింది. రికార్డులో లేదు అన్న జవాబులన్నీ గుర్తొచ్చాయి. ఈ ఛైర్మన్ ఆ కాగితాలు ఒక్కటీ చూసుండడు. చూడక్కర్లేకుండా ఉండటానికే మిగతావాళ్ళకి జీతాలిస్తాడు. గట్టిగా తిడితే సరిపోయే కోపం కాదది.

పెద్దాయన పడవ బల్ల దిగాడు. తివాచీ మీద అడుగులు తడబడుతున్నాయి, కాలికి తెలిసిన రాయి తగలక. తాడు అవతల ఎవరో "దారి" అన్నారు. ఇంకొకరు అందుకున్నారు. ముఠాల పిల్లలూ మనవలూ "దారి, దారి" అని లయగా అంటుంటే గొడుగుల కింది అతిథులు అది కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. ఆయన గడప ముందుకొచ్చి ఆగాడు. ఊపిరి ఈలలా వస్తోంది. ఛైర్మన్ ఆయన పక్కన చేరి కెమెరాల వైపు తిరిగాడు.

"ఇప్పుడు," అన్నాడు లా ఆఫీసరు వెనక నుంచి.

ఆమె పెట్టెని చూసింది. బద్దీలు చూసింది, మూలలు చూసింది, రోజూ చూసినట్టే. దెబ్బ లేదు, తడి లేదు, సరుకు సవ్యంగా ఉంది. మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"కంపెనీ తరఫున అందింది."

పెట్టె పెద్దాయన మెడ మీంచి లేచింది. చప్పుడు లేదు. అక్కణ్ణుంచి, తన చోటు తనకి తెలిసినట్టు, పక్కనున్న ఛైర్మన్ మెడ మీదా కుడిభుజం మీదా సర్దుకుని కూర్చుంది. రికార్డులో ఉన్న సరుకైతే గోదాములో దిగేది, దీనికి అక్కడ చోటు లేదు. కంపెనీ అన్నాక ఎవరో ఒక మనిషవ్వాలి. పెట్టెకి మెడ కావాలి.

ఛైర్మన్ మోకాళ్ళు ఒకసారి వంగి నిలబడ్డాయి. కుడిచెయ్యి దానంతటదే పైకి లేచి పెట్టె అంచు పట్టుకుంది. ఫొటోగ్రాఫరు కంటి దగ్గర్నుంచి కెమెరా దించి, "సార్, కాస్త ఎడమకి తిరగండి, పెట్టె మొహానికి అడ్డమొస్తోంది," అన్నాడు. ఆయన తిరిగాడు. తర్వాత రిబ్బను ఎడంచేత్తో కత్తిరించాడు. అతిథులు టీకి లేచారు.

పెద్దాయన రెండు చేతులూ కిందికి వదిలేసి వాటికేసి చూసుకుంటున్నాడు. అడుగేస్తే ఎడమకి తూలిపోతున్నాడు, బరువు అలవాటైన ఒళ్ళు కాబట్టి. కూతురు యూనిఫాం టోపీ తీసి మైకు పక్కన పెట్టి, గడప దాటి వచ్చి ఆయన్ని పట్టుకుంది. ఇంటికి తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టింది. వీపు పరుపుకి తగిలినప్పుడు ఆయన దెబ్బ తగిలినట్టు మూలిగాడు. కళ్ళు తెరిచి పైకప్పు చూశాడు.

"బూజు పట్టింది," అన్నాడు.

"ఇన్నాళ్ళూ చూసేవాడు లేకపోతే పట్టదా," అంది అత్త, మొహం అటు తిప్పుకుని.

ఆయన మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదు.

విచారణ వెంటనే పెట్టారు. ఆమె ఎదురుగా లా ఆఫీసరు. కాగితం మీద ఉన్న మాట కాకుండా వేరే మాట కావాలని అన్నావా, అలవాటులో నోరు జారిందా అని అడిగాడు. అలవాటని రాస్తే శిక్ష తక్కువ పడుతుందని మెల్లగా చెప్పాడు.

"కావాలనే అన్నాను, రాసుకోండి," అందామె. "రోజూ అదే మాట అనమని జీతమిచ్చింది మీరే."

ఉద్యోగం పోయింది. ఇంటికొచ్చి యూనిఫాం మడిచి అత్త కుట్టుమిషను మీద పడేస్తే, ఆవిడ అందులోంచి వీపు గుడ్డ కత్తిరించి పెద్దాయన చొక్కాకి అతికింది. రంగు కలవలేదు.

ఊళ్ళో కబుర్లు రోజూ తెలుస్తూనే ఉన్నాయి. ఛైర్మన్ ఆఫీసు గదికి తలుపు వెడల్పు చేయించారట. కారు పైకప్పు కోయించారట. కంపెనీలో పెద్ద ఉద్యోగుల్ని ఒక్కొక్కరినీ పిలిచి, ఆ మాట అనమని ఆయన ముందు ఆజ్ఞగా, తర్వాత బతిమాలినట్టుగా అడిగాడట. ఒక్కరూ నోరు తెరవలేదు. లా ఆఫీసరుని చట్టం ఏమంటుందో చెప్పమంటే, తమరి భుజం మీది పెట్టె రికార్డులో లేదు కాబట్టి దాని గురించి అభిప్రాయం చెప్పడం కుదరదని రాసిచ్చాడట. మంగలి మాత్రం ఆయనకి జుట్టు బాగానే కత్తిరిస్తున్నాడని చెప్పుకున్నారు. చెయ్యి తిరిగినవాడు.

ఒక సాయంత్రం, కళాసీల వీధిలో మూలలు లేని ఇళ్ళ మధ్యనుంచి ఛైర్మన్ నడిచొచ్చాడు. కారు పట్టే వీధి కాదది. ఎదురొచ్చినవాళ్ళు ఒదిగి దారిచ్చారు, ఆ వీధిలో బరువుతో వచ్చే ఎవరికైనా ఇచ్చినట్టే. ఆయన గుమ్మంలో నిలబడి తల ఎత్తాలని చూసి ఎత్తలేక, కళ్ళు మాత్రం పైకి తిప్పాడు.

"అమ్మా," అన్నాడు.

కూతురు తలుపు పట్టుకుని నిలబడింది. "ఏం కావాలండీ?"

"నిద్ర లేదు. కూర్చుంటే గోడకి ఆనుతుంది గానీ..."

"బరువు ఆనదు. తెలుసు."

"మీరంటే దిగుతుంది. మీ పేరు మీద అక్కర్లేదు. ఎవరి పేరు మీదైనా అనండి. నా దగ్గర పనిచేసేవాళ్ళు ఎవరైనా సరే, పేరు రాసిస్తాను."

ఆ ఆఖరి మాటతో, ఆమెలో జాలి ఏమూల కదిలిందో అది అక్కడే చచ్చింది.

లోపల మంచం కిర్రుమంది. బరువుతో ఒక మనిషి గడప దగ్గర నిలబడి ఉండగా పడుకుని ఉండటం పెద్దాయన ఒంటికి తెలియదు. ముఠాలో అది తప్పు. ఎవరో ఒకరు చెయ్యెయ్యాలి, ఏదో ఒక మాటనాలి. ఆయన మోచేతి మీద లేచి, నోరు తెరిచాడు. కూతురు వెనక్కి తిరిగి చూసింది. అత్త కుట్టుమిషను ఆపింది.

పెద్దాయన నోరు మూసుకున్నాడు. కాసేపటికి మళ్ళీ తెరిచాడు.

"మోకాళ్ళు వదులుగా ఉంచు బాబూ," అన్నాడు. "నడుం మీద పడనీకు. మెడ కాస్త ఎడమకి వాల్చు. ఆ, అలా. పడుకోవాలని మాత్రం ప్రయత్నించకు, ఊపిరాడదు."

ఛైర్మన్ ఆ చెప్పినట్టు నిలబడ్డాడు. బరువు కొంచెం సర్దుకున్నట్టుంది, మొహంలో తెలిసింది. అయినా కదల్లేదు. ఆమెకేసే చూస్తున్నాడు. "అనగలరు కదా మీరు," అన్నాడు.

"అనగలను," అందామె.

వీధిలో ఎవరో "దారి, దారి" అంటూ పోతున్నారు. పెద్దాయన మళ్ళీ వెల్లకిలా వాలాడు. గుమ్మంలోంచి వచ్చే సాయంత్రపు ఎండ నేరుగా ఆయన మొహాన పడుతోంది. కూర్చుని నిద్రపోయిన రోజుల్లో ఆ బాధ ఉండేది కాదు.

"తలుపెయ్యమ్మా," అన్నాడు. "వెలుతురు కళ్ళలో పడుతోంది."

ఆమె తలుపేసింది.